పాత బండి సామాన్లతో గూడబాతు చేయాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. సొంతూరు సూళ్ళూరుపేట, ఉద్యోగం చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద, ఇల్లు అక్కడే షోలింగనల్లూరులో. చిన్నప్పటి నుంచి నేలపట్టు పక్షుల కేంద్రంలో చూస్తున్న గూడబాతును (పెలికాన్‌ను) పాత బండి సామాన్లతో నాలుగడుగుల ఎత్తున చేసి అపార్ట్‌మెంట్ మేడ మీద నిలబెట్టాలనుకుంటున్నారు. వెల్డింగ్ ఇంతవరకు చేయలేదు. ఏ వెల్డింగ్ మిషన్ కొనాలి, పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో ఏమేం కొనాలి, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా ఏం చేయాలి అని అడిగారు. నేను చెన్నైలోనే శిల్పం చదువుకున్నాను. అంబత్తూరు దగ్గర షెడ్డు పెట్టుకుని చాలా ఏళ్ళుగా పాత ఇనుముతోనే పని చేస్తున్నాను. తెలిసినది వివరంగా చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందుగా మీ ప్రశ్నల వరుస మార్చాలి. మిషన్ ఇప్పుడే కొనకండి. మొదట పక్షి, తర్వాత సామాను, ఆ తర్వాత అతుకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మిషన్ కొనేసి, ఆ ఊపులో దొరికిన ఇనుమంతా ఇంటికి తెచ్చి, ఒకదానికొకటి అతికిస్తూ పోతారు. చివరికి బరువైన ముద్ద ఒకటి తయారవుతుంది, దాంట్లో పక్షి ఉండదు. పాత సామానుతో చేసే శిల్పంలో అసలు పని ఏరుకోవడమే. తెచ్చినవాటిలో చాలా వరకు పక్కన పెట్టేయగలిగితేనే మిగిలిన నాలుగు ముక్కలూ మాట్లాడతాయి.

పక్షి సంగతి చూద్దాం. నేలపట్టులో గూళ్ళు పెట్టేది ముక్కు మీద చుక్కలుండే రకం. ముక్కు కొస నుంచి తోక దాకా సాగదీసి కొలిస్తే నాలుగు నుంచి ఐదడుగులు. అందులో ముక్కే దాదాపు ఒక అడుగు. కాళ్ళు పొట్టి. బాతుకు ముందు మూడు వేళ్ళ మధ్యే చర్మం ఉంటుంది, గూడబాతుకు నాలుగు వేళ్ళూ ఒకే చర్మంతో కలిసి ఉంటాయి. ఈ ఒక్కటి తప్పిందంటే పక్షులు తెలిసినవాళ్ళకు వెంటనే కనిపిస్తుంది. మీ ఇంటికి దగ్గర్లోనే పళ్ళికరణై చిత్తడి నేల ఉంది కదా, అక్కడా గూడబాతులు వాలుతాయి. ఉదయం పూట వెళ్ళి పక్క నుంచి, ఎదురుగా, వెనక నుంచి బొమ్మలు గీసుకోండి. ఫోన్‌లో ఫొటోలు సరే, కానీ గీసినప్పుడే బరువు ఎక్కడ ఆనుతోందో తెలుస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు అది మెడను వెనక్కి మడిచి ముక్కును రొమ్ము మీద ఆనించుకుంటుంది. మీరు ఆ భంగిమనే ఎంచుకోవాలని నా గట్టి సలహా. మెడ ముందుకు చాపిన భంగిమలో అడుగు పొడవు ఇనప ముక్కు గాలిలో వేలాడుతుంది, దాని బరువంతా మెడ మొదట్లో ఒక్క అతుకు మీద పడుతుంది. మొదటి శిల్పానికి ఆ పరీక్ష వద్దు. ఎత్తు కూడా మూడడుగులు చాలు. నాలుగడుగులంటే నిలబడ్డ అసలు పక్షికన్నా పెద్దదవుతుంది.

భంగిమ కుదిరాక నేల మీద సుద్దముక్కతో అసలు కొలతల్లో పక్క రూపం గీయండి. గేట్లు, గ్రిల్స్ చేసేవాళ్ళు చేసేదీ ఇదే. సామాను తెచ్చిన ప్రతిసారీ ఆ గీతల మీద పరిచి చూడండి. సరిపోనిది గీతల బయట పెట్టండి. ఈ దశలో వారాలు గడిచినా పరవాలేదు.

ఇప్పుడు ఏరుకోవడం. పాత ఇనుముతో శిల్పం రెండు రకాలుగా చేస్తున్నారు. ఒకటి, లోపల రాడ్లతో ఆకారం కట్టి, పైన వేల సంఖ్యలో ఒకే రకం ముక్కలు పేర్చడం. మన తెనాలి శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కుమారుడు రవిచంద్ర గారు నట్లు, బోల్టులతో నిలువెత్తు మనుషుల్ని చేస్తారు కదా, ఆ దారి అది. ముఖకవళికలు పట్టుకోవాలంటే అది గొప్ప దారి. కానీ దానికి శరీర నిర్మాణం మీద పట్టు కావాలి, ఎన్నో ఏళ్ళ చేయి కావాలి. రెండోది, ముక్క పుట్టుకతో ఉన్న వంపునే పక్షిలో ఒక అవయవంగా వాడుకోవడం. 1942లో పికాసో ఒక సైకిల్ సీటు, ఒక హ్యాండిల్‌బార్ రెండూ కలిపి ఎద్దు తల చేశాడు. రెండే ముక్కలు. చూడగానే ఎద్దే కనిపిస్తుంది, ఆ వెంటనే సైకిల్ కూడా కనిపిస్తుంది. ఆ రెండూ ఒకేసారి కనిపించడంలోనే పాత సామాను బలమంతా ఉంది. కొత్త రేకు కొని వంచితే ఆ బలం రాదు. మీకు ఈ రెండో దారే సరిపోతుందని నా అభిప్రాయం.

గూడబాతు ఒంటికి నేను వెతికేది పాత బజాజ్ చేతక్ స్కూటర్ పక్క డొప్పలు. అవి ఉక్కు రేకువి, ఉబ్బెత్తుగా, వెనక్కి పోను పోను సన్నబడుతూ ఉంటాయి. ఎడమదీ కుడిదీ ఎదురెదురుగా పెడితే పక్షి ఒళ్ళు సగం వచ్చేసినట్టే. ఈ మధ్య బండ్లలో చాలావాటికి ఈ భాగాలు ప్లాస్టిక్. అందుకే పాత చేతక్‌వే అడగండి. గొంతు కింద సంచికి పాత ఉక్కు మడ్‌గార్డ్ ముక్క ఒకటి నిలువునా కోస్తే లోతైన వంపు దొరుకుతుంది. పై ముక్కుకు మందపాటి పట్టీ కావాలి, దాని మీది చుక్కలకు వాషర్లు అతికించకండి, డ్రిల్లుతో చిన్న చిన్న రంధ్రాలు వేయండి. వెలుతురు రంధ్రాల్లోంచి వచ్చినప్పుడు ఆ చుక్కలు బతుకుతాయి. ముక్కు చివర కిందికి వంగిన గోరు ఉంటుంది, దాన్ని మరిచిపోవద్దు. మెడ వెనక చిన్న జుట్టు ఉంటుంది, దానికి పాత బ్రేకు కేబుల్ విప్పిన తీగలు బాగుంటాయి. కంటికి బేరింగ్ గుండు, దాని చుట్టూ ఒక వాషరు.

మెడకు చైను వాడమని చెబుతాను. మోటార్‌సైకిల్ చైనును రెండు కొసల దగ్గర మేకులకు తగిలించి వేలాడదీస్తే తన బరువుకు తనే ఒక అందమైన వంపు తీసుకుంటుంది. కొసల దూరం మారుస్తూ మీ బొమ్మకు దగ్గరి వంపు వచ్చాక, వేలాడుతుండగానే ఒక్కో లంకె దగ్గర ఒక్కో ట్యాక్, అంటే చిన్న చుక్క అతుకు, వేయండి. గట్టిపడ్డాక తీసి తలకిందులు చేస్తే మెడ తయారు. అలాంటి వంపులు రెండు, ఒకటి కిందికి ఒకటి పైకి కలిపితే మడిచిన మెడ వస్తుంది. పక్కపక్కనే నాలుగైదు వరసలు వేస్తే మెడ నిండుగా ఉంటుంది. లోపల 12 మి.మీ. రాడ్డు ఒకటి అదే వంపులో వంచి దాచాలి, బరువు మోసేది అదే. చైనులోని గ్రీజు మాత్రం పూర్తిగా పోవాలి. కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో రుద్ది, ఆ తర్వాత సబ్బు పొడి నీళ్ళతో కడిగి, ఎండలో బాగా ఆరనివ్వండి. కిరోసిన్ తడి ఉండగా నిప్పు దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

పుదుపేట గురించి. ఎగ్మోర్ దగ్గర, కూవం పక్కనే ఆ వీధులన్నీ విప్పిన బండ్ల సామానే. ఒక్కో కొట్టు ఒక్కో రకానికి, తలుపులొక చోట, ఇంజను భాగాలొక చోట. అయితే అక్కడ ధర తుక్కు ధర కాదు. తిరిగి బండికి బిగించగలిగిన సామాను కాబట్టి ముక్క లెక్కన అమ్ముతారు. చేతక్ డొప్పలు, పాత మడ్‌గార్డ్‌ల లాంటి రేకు భాగాలకు అక్కడికి వెళ్ళండి, సొట్టలు పడ్డవే అడగండి, బేరమాడండి. చైన్లు, పళ్ళ చక్రాలు, బేరింగులు, వాల్వులు, కేబుళ్ళు మాత్రం పుదుపేటలో కొనడం డబ్బు దండగ. మీ వీధి చివరి బైక్ మెకానిక్ రోజూ అవే మార్చి డబ్బాలో పడేస్తుంటాడు, నిండాక కాయలాంకడైకి, అంటే పాత ఇనుప కొట్టుకు, తూకానికి వేస్తాడు. ఆ డబ్బా నింపే మనిషితో స్నేహం చేసుకోండి. తుక్కు ధరకు కాస్త ఎక్కువిస్తే సంతోషంగా ఇస్తాడు, ఏది ఎక్కడి భాగమో కూడా చెబుతాడు.

కొనేటప్పుడు చట్టం సంగతి గుర్తుంచుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కొట్టి ఉన్న ముక్కలు ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు. దొంగ సొత్తని తెలిసో, అలా అనుకోవడానికి కారణం ఉండో తీసుకుంటే భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను కింద నేరం. చిన్న చీటీ అయినా సరే, బిల్లు అడిగి తీసుకోండి. ఇనుమును పెట్టి కొట్టే దాగలి కోసం రైలు పట్టా ముక్క తెచ్చుకోవాలని చాలామందికి ఉంటుంది. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. పట్టా ముక్కలు, పట్టాల మేకులు ఎవరు ఇస్తామన్నా వద్దనండి. మ్యాన్‌హోల్ మూతలూ అంతే. దాగలికి మందపాటి ప్లేటు ముక్క చాలు.

ఇక ఇనుమును గుర్తుపట్టడం నేర్చుకోవాలి, ఎందుకంటే అతుకు నిలవడం ఊడడం దాని మీదే ఆధారపడుతుంది. జేబులో అయస్కాంతం పెట్టుకోండి. అంటుకోకపోతే అల్యూమినియమో, ఇత్తడో, రాగో, వంటింటి గిన్నెల్లాంటి స్టెయిన్‌లెస్సో అయి ఉంటుంది. అంటుకుంటే గ్రైండర్ మీద కొంచెం ఆనించి రవ్వలు చూడండి. మెత్తని ఉక్కు పొడవాటి లేత పసుపు గీతలు ఇస్తుంది. స్ప్రింగు ఉక్కు, బేరింగు ఉక్కు లాంటి కార్బన్ ఎక్కువున్నవి కాకరపువ్వొత్తిలా కొసల్లో చిట్లుతాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా, నీరసంగా ఉంటాయి. లారీ కమాను పట్టీలు, బేరింగులు వెల్డింగ్ వేడికి అతుకు పక్కన పెళుసెక్కి, చల్లారాక పగులుతాయి. బరువు మోసే చోట అవి వాడకండి. కన్నుగా, ఈకగా, అలంకారంగా అయితే ఒక ట్యాక్ సరిపోతుంది. పోత ఇనుమును మామూలు వెల్డింగ్ రాడ్డుతో అతికిస్తే టక్కుమని పగుళ్ళు వస్తాయి. దానికి నికెల్ రాడ్డు, ముందుగా వేడి చేయడం, కొంచెం కొంచెంగా అతికించడం కావాలి. మీరు వాటి జోలికి పోకుండా రంధ్రం వేసి బోల్టు బిగించండి. అల్యూమినియాన్ని ఇనుముకు మన పద్ధతుల్లో వెల్డ్ చేయలేం, దానికీ బోల్టే.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి, ఈ పేరా మాత్రం రెండుసార్లు చదవండి. షాక్ అబ్సార్బర్ల లోపల నూనె, కొన్నిట్లో ఒత్తిడితో నింపిన గ్యాసు ఉంటాయి, వేడి తగిలితే పేలుతాయి. పెట్రోలు ట్యాంకు ఏళ్ళ తరబడి ఎండినా లోపల ఆవిరి మిగులుతుంది, దాన్ని కోయడం, అతికించడం నేర్చుకునేవాళ్ళ పని కాదు. మంటలార్పే సిలిండర్లు, గ్యాసు సిలిండర్లు, రెండు వైపులా మూసుకున్న ఏ గొట్టమైనా అంతే. పాత బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్ల మీది పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గ్రైండ్ చేసి ఆ పొడి పీల్చకండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, దాన్ని గ్రైండర్‌తో కాకుండా పెయింట్ రిమూవర్‌తో తీయండి. జీఐ పైపులు, జీఐ రేకు మీద ఉన్నది జింకు పూత. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఉక్కు కరగడానికి దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. అంటే మీరు అతికించేలోపే ఆ పూతంతా తెల్లటి పొగై మీ ముక్కులోకి వస్తుంది. కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి. పాలు తాగితే విరుగుడని షెడ్లలో అంటారు. పాలు దాన్ని ఆపవు. అతుకు వేసే చోట పూత ముందే తీసేయడం, గాలి ఆడేచోట పని చేయడం, సరైన రెస్పిరేటర్ మాస్కు పెట్టుకోవడమే దారి. హ్యాండిల్‌బార్, సైలెన్సర్ గొట్టాల మీది క్రోమ్ పూత పొగ ఇంకా ప్రమాదం, అది కాన్సర్ కారకం. మొదటి శిల్పంలో క్రోమ్ ముక్కల్ని బోల్టులతోనే బిగించండి. బ్రేకులు కడిగే స్ప్రేల్లో కొన్నిట్లో క్లోరిన్ సాల్వెంట్ ఉంటుంది, ఆ తడి మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. గ్రీజుకు సబ్బు నీళ్ళే మేలు.

ఇప్పుడు వెల్డింగ్. మొదటి శిల్పం మేడ మీద చేయకండి. గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న షెడ్డు మీ పేటలో తప్పక ఉంటుంది. యజమానితో మాట్లాడి, ఆయన పని అయిపోయాక సాయంత్రాలు కొన్ని గంటలు స్థలానికి, కరెంటుకు, నేర్పినందుకు డబ్బిస్తానని చెప్పండి. నెలపాటు చదును పట్టీల మీద గీతలు వేస్తూ చేయి కుదుర్చుకోండి. షెడ్డులో 12 గేజి అనేది 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డు, 10 గేజి అనేది 3.15 మి.మీ. మామూలు 6013 రకం తీసుకుంటే 12 గేజికి 60 నుంచి 90 ఆంపియర్లు, 10 గేజికి 90 నుంచి 130 దాకా పెట్టి చూడండి. రాడ్డు శబ్దం చిటపటమని నిలకడగా వస్తుంటే సరిగ్గా ఉన్నట్టు. డొప్పల లాంటి పల్చటి రేకును ఈ రాడ్లతో గీత వేస్తూ అతికిస్తే చిల్లు పడుతుంది. అక్కడ చుక్కలు చుక్కలుగా, ఒక చుక్క చల్లారాక ఇంకొకటి వేయాలి. షెడ్డులో రాడ్డు బదులు తీగతో అతికించే మిగ్ మిషన్ ఉంటే రేకు పనికి అదే హాయి. లేదా డొప్పలను వెల్డ్ చేయకుండా లోపలి చట్రానికి రివెట్లు కొట్టండి. నాకైతే గూడబాతు ఒంటి మీద రివెట్ల వరస ఈక మొదళ్ళలా అందంగానే అనిపిస్తుంది.

అద్దం 10 లేదా 11 నంబరు షేడు ఉన్న హెల్మెట్, తోలు గ్లవుజులు, నిండు చేతుల కాటన్ చొక్కా, మూసిన బూట్లు తప్పనిసరి. నైలాన్, పాలియెస్టర్ బట్టలు రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. వెలుగును ఉత్త కళ్ళతో చూస్తే అప్పుడేమీ అనిపించదు, రాత్రికి కళ్ళు మండి నీళ్ళు కారతాయి. చూసే పిల్లలకూ అంతే, అందుకని చుట్టూ తెర కట్టాలి. వెల్డింగ్ కన్నా నాకు ఎక్కువ టెన్షన్ గ్రైండర్‌తో. దాని మూత తీసి పని చేసేవాళ్ళను రోజూ చూస్తుంటాను. మీరు తీయొద్దు. కటింగ్ బిళ్ళ మధ్యలోని లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అది చూడండి, మీ గ్రైండర్ వేగానికి తగిన బిళ్ళేనా అన్నదీ చూడండి. కళ్ళద్దాలు ఒక్క క్షణానికైనా తీయకండి.

చేయి కుదిరి, ఇంకా చేయాలన్న ఆసక్తి మిగిలే ఉంటే అప్పుడు కొనండి మిషన్. 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ చాలు. ఎర్తింగ్, ఎంసీబీ సరిగ్గా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు మీద 12 గేజి రాడ్డు బాగానే నడుస్తుంది. మన ఊరి గాలి తేమకు రాడ్లు చెమ్మెక్కుతాయి, మూత గట్టిగా ఉండే డబ్బాలో దాచండి.

కట్టే వరుస ఇలా ఉండాలి. ముందు అడుగు ప్లేటు, దాని మీద రెండు కాళ్ళు, కాళ్ళ మీద 12 మి.మీ. రాడ్లతో ఒంటి చట్రం. రాడ్డు బరువు తెలియాలంటే వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగించండి, మీటరుకు కిలోలు వస్తాయి. 12 మి.మీ.కి దాదాపు 0.89 కిలో. రేకుకైతే ఒక మి.మీ. మందం చదరపు మీటరుకు 7.85 కిలోలు. ఈ లెక్కలు కాగితం మీద వేసుకుంటే మీ పక్షి మొత్తం ఎంత తూగుతుందో కొనకముందే తెలుస్తుంది. అన్నిటినీ మొదట ట్యాక్‌లతోనే నిలబెట్టండి. పది అడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. ఒక రాత్రి వదిలేసి మళ్ళీ చూడండి. ట్యాక్ ఊడగొట్టడం ఉలికి ఒక దెబ్బ పని, నిండు అతుకు ఊడగొట్టాలంటే పూట పడుతుంది. పూర్తి అతుకులకు ముందు చట్రాన్ని తాడుతో వేలాడదీసి బరువు మధ్య ఎక్కడుందో చూడండి. ఆ బిందువు నుంచి కిందికి గీసిన గీత రెండు పాదాల మధ్య పడాలి. ముక్కు వైపు పడుతుంటే తోకలో బరువు పెంచండి, ఒక పాత పళ్ళ చక్రం చాలు.

మేడ మీద నిలబెట్టడం వేరే విషయం. 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుపానులో ఈ ఊళ్ళో చెట్లెన్ని కూలాయో గుర్తుండే ఉంటుంది. అలాంటి గాలికి నిలవాలి. అలాగని శ్లాబులో రంధ్రాలు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ పొర చెడి కింది ఇంట్లో కారుతుంది. కాంక్రీటు దిమ్మె పోసి, పోసేటప్పుడే బోల్టులు నిలబెట్టి, అడుగు ప్లేటును వాటికి బిగించండి. 60 సెంటీమీటర్ల చదరం, 10 సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మె దాదాపు 86 కిలోలు తూగుతుంది. శ్లాబు మధ్యలో కాకుండా కింద బీము వెళ్ళే చోట పెట్టండి. దాని కింద రబ్బరు షీటు వేయండి. అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి.

తుప్పు గురించి మీరు అడిగింది న్యాయమైన భయమే. మీ ఇల్లు సముద్రానికి దగ్గర, గాలిలో ఉప్పు ఉంటుంది. తుప్పు రంగు బాగుందని దాని మీదే క్లియర్ కోటు కొట్టేస్తుంటారు. బెంగళూరులో అది కొన్నేళ్ళు నిలవొచ్చు. ఇక్కడ తుప్పులో దాగిన ఉప్పు ఆ పొర కిందే తన పని చేసుకుపోతుంది, పెచ్చులు లేస్తాయి. పాత చేతక్ నీలం రంగు, దాని మీది గీతలు అలాగే ఉంచాలన్న ఆశ మీకు తప్పకుండా కలుగుతుంది. నాకూ ఆ రంగంటే ఎంతో ఇష్టం. కానీ ఆరుబయట అయితే ఆ రంగు వదులుకోవాలి, రంగు కావాలంటే పక్షిని హాల్లో పెట్టుకోవాలి. రెండూ కుదరవు.

ఆరుబయటికి నాకు నమ్మకమైన దారి హాట్ డిప్ గాల్వనైజింగ్. అతుకులన్నీ అయ్యాక మొత్తం శిల్పాన్ని దాదాపు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచుతారు. లోపలి మూలలకు కూడా పూత చేరుతుంది. పంపేముందు పెయింట్, గ్రీజు, అతుకుల మీది పెంకు (స్లాగ్) అన్నీ పోవాలి. మూసుకున్న గొట్టం ఒక్కటున్నా లోపలి గాలి, తేమ వేడికి వ్యాకోచించి తొట్టిలోనే పేలుతుంది, అందుకే ప్రతి గొట్టానికీ రంధ్రాలు వేసి పంపాలి. పల్చటి రేకు కొంచెం వంకర పోవచ్చు, ముందే ప్లాంటు వాళ్ళకు చూపించి అడగండి. అల్యూమినియం, ఇత్తడి ముక్కలు, కేబుల్ జుట్టు తర్వాత బిగించండి. మొదట్లో మెరిసే జింకు వాతావరణానికి మెల్లగా మసక బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ బూడిద రంగు గూడబాతు ఒంటి రంగే. గాల్వనైజింగ్ కుదరకపోతే ఇసుకను వేగంగా కొట్టి తుప్పు తీసే శాండ్ బ్లాస్టింగ్ చేయించి, అదే రోజు జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఎపాక్సీ, ఆపైన పాలీయురిథేన్ పెయింటు. ఉత్త రెడ్ ఆక్సైడ్ ప్రైమరు కొట్టి వదిలేస్తే ఇక్కడ ఎక్కువ కాలం ఉండదు.

నా దగ్గరికి మరమ్మతుకు వచ్చే శిల్పాల్లో ఎక్కువ భాగం ఎండకో గాలికో చెడినవి కావు, లోపల నీళ్ళు నిలిచి చెడినవి. గొంతు సంచి ఒక గిన్నె, డొప్ప అడుగు ఒక గిన్నె. ప్రతి పల్లానికీ 8 మి.మీ. రంధ్రం వేయండి. ఇంకో సంగతి, స్టెయిన్‌లెస్ బోల్టుతో మామూలు ఉక్కు రేకును బిగిస్తే పెద్ద నష్టం లేదు. పెద్ద స్టెయిన్‌లెస్ గిన్నెను చిన్న మామూలు బోల్టుతో బిగిస్తే మాత్రం ఆ బోల్టు త్వరగా తినేసుకుపోతుంది. కలిపే రెండు లోహాల్లో తేలిగ్గా తుప్పు పట్టేది చిన్నదైతే దెబ్బంతా దాని మీదే పడుతుంది. వేర్వేరు లోహాల మధ్య నైలాన్ వాషరు పెట్టండి.

పని మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం సముద్రతీరం వెంట వెళ్ళే ఈసీఆర్ రోడ్డులో ఇంజంబాక్కం వెళ్ళి చోళమండలం కళాకారుల గ్రామం చూసి రండి, మీకు దూరం కూడా కాదు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన విద్యార్థులు కలిసి కట్టుకున్న ఊరు అది. ఆరుబయట శిల్పాలున్నాయి. పి.వి. జానకిరామ్ రేకునే శిల్పంగా మార్చి దాని మీద లోహపు తీగలతో గీతలు ఎలా గీశారో, ఎస్. నందగోపాల్ లోహపు ముక్కలను ఎలా అతికి కథ చెప్పారో గమనించండి. అతుకుల దగ్గరికి వెళ్ళి చూడండి, ఎక్కడ దాచారు, ఎక్కడ కావాలనే వదిలేశారు అన్నది మీ పక్షికి నేరుగా పనికొస్తుంది. రేకు వెనక ఏముందో కూడా వంగి చూడండి, బరువు మోసే ఏర్పాటు చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.

చివరగా ఒక కొలత. మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు వెడల్పు, మేడ మెట్ల మలుపు వెడల్పు ఇప్పుడే కొలిచి రాసుకోండి. దాన్ని బట్టి మెడను ఒంటికి వెల్డ్ చేయాలా, నాలుగు బోల్టులతో విప్పుకునేలా ప్లేటు పెట్టాలా అన్నది తేలుతుంది. నేనైతే ఎలాగూ విప్పుకునేలానే పెడతాను. ఆ ప్లేటు రంధ్రాలు గాల్వనైజింగ్‌కు ముందే 2 మి.మీ. వదులుగా వేయించండి, పూత మందానికి బోల్టు బిగుసుకుపోకుండా ఉంటుంది. సుద్ద బొమ్మ మీద సామాను పరిచాక పై నుంచి ఒక ఫొటో తీసి పెట్టండి, ఏది తీసేయొచ్చో చూసి చెబుతాను.